అరగంట వెనక

బ్రోకెన్ హిల్‌లో గురువారం రాత్రులు
ప్రశ్నలు రాసేది నేనే.
పగలు ఆసుపత్రి ల్యాబ్‌లో ఊరందరి నెత్తురూ లెక్కపెడతాను,
పొద్దు గూకాక క్లబ్బులో
లోకాన్ని ముక్కలు కోసి
ఒక్కో ముక్క ఒక్కో మార్కుకి అమ్ముతాను.

మొదట తేలికవి.
చంద్రుడి అడ్డుకొలత ఎక్కువా, ఆస్ట్రేలియా వెడల్పా?
సగం బల్లలు చంద్రుడికే ఓటేశాయి.
పాపం, ఐదొందల కిలోమీటర్ల పైచిలుకు తేడాతో ఓడిపోయాడు.
యూట్యూబ్‌కి ఎక్కిన తొలి వీడియోలో ఏ జంతువు?
ఏనుగు.
పందొమ్మిది సెకన్లు, తొండాలు పొడుగని చెప్పి ఊరుకోవడం,
అంతే.
ఆ పిల్లకాలవే ఇప్పుడీ వరద.

న్యూ సౌత్ వేల్స్‌లో ఉంటూ
సిడ్నీ గడియారాన్ని ఖాతరు చెయ్యని ఊరేది?
దీనికి అందరూ గ్లాసులు పైకెత్తుతారు.
మేమే మరి, అరగంట వెనక నడిచేవాళ్ళం.
ఫోన్లకే ఈ సంగతి ఓ పట్టాన ఎక్కదు.
ఒక్కోసారి ఒకే బల్ల మీద
ఒక ఫోనుకి ఎనిమిది, పక్కదానికి ఎనిమిదిన్నర.
అందుకే బెల్లు కొట్టేది
గోడ గడియారాన్ని అడిగి.

తర్వాత, నాకు ముద్దొచ్చిన ప్రశ్న:
వీడియో సైట్ల పేర్ల చివర
చుక్క పెట్టి టీవీ అని రాస్తారే,
ఆ రెండక్షరాలు ఎవరి సొత్తు?
టెలివిజన్‌వి అన్నారు. పడతారని తెలుసు, పడ్డారు.
కాదు, ఒక దేశానివి, అద్దెకిస్తుంది, అన్నాను.
తువాలు.

ఆ పేరు పలికినప్పుడల్లా నాకు లోపల నవ్వొస్తుంది.
దండెం మీద ఆరేసిన దేశం.
ఇక్కడెవరికీ చెప్పలేని నవ్వు, తెలుగు నవ్వు.

మూడో బల్ల దగ్గర సెలీనా నవ్వలేదు.
రాత్రి డ్యూటీ నర్సు, వచ్చి నెలన్నర.
ఏ ఊరని నేనింతవరకూ అడగలేదు.
"మా రోడ్డుకి తారు వేసింది ఆ రెండక్షరాలే," అంది,
మార్కు అడుగుతున్నట్టు కాదు,
బిల్లు ఎంతైందో చెబుతున్నట్టు.
"పెద్ద పోటు వచ్చిన రోజు నీళ్ళు సముద్రంలోంచి రావు,
నేలలోంచి వస్తాయి.
తారు పక్కన బుడగలు లేస్తాయి.
మా మేనత్త చెప్పులు తలుపు దాకా వాటంతటవే వెళ్తాయి."

ఎవరో దగ్గారు.
నేను కాగితం తిప్పాను, వెనక ఏమీ లేదు.

చివరికి రెండు బల్లలు సమానం.
ముడి విప్పే ప్రశ్న:
మన కింది ఈ ఖండం ఏడాదికి ఎంత జరుగుతుంది?
మెర్వ్ పాస్కో, గనిలో నలభయ్యేళ్ళ సర్వేయరు,
పెన్సిలు కూడా ముట్టుకోలేదు.
"ఏడు సెంటీమీటర్లు. నా గోళ్ళు కూడా అంత పెరగవు.
నేను పాతిన మేకులు పాతిన చోటే ఉన్నాయి హైమా,
వాటి చిరునామాలే చెడిపోయాయి."
ఎటు జరుగుతోంది, అని సెలీనా అడిగింది.
అది నా కాగితంలో లేని ప్రశ్న.
మెర్వ్ లేచి, కిటికీ చూసుకుని, చెయ్యి చాపాడు.
ఉత్తరానికి. కొంచెం తూర్పుకి ఒరిగి.

ఈశాన్యం.
ఇంటికి ఈశాన్యంలో నీళ్ళుండాలంటుంది మా వాస్తు.
ఉండాలంది సరే,
ఇన్ని నీళ్ళా?

బహుమతి మాంసం ట్రే మెర్వ్ బల్లకి పోయింది.
కుర్చీలు ఎత్తిపెడుతూ లెక్క కట్టాను:
మూడు గంటల ఆటలో
క్లబ్బూ, మేమూ, గోడ గడియారమూ
వెంట్రుక మందంలో మూడోవంతు
ఆమె వాళ్ళ వైపు జరిగాం.

బయట సెలీనా కారు అద్దం తుడుస్తోంది, ఎర్ర దుమ్ము.
చేతిలో ఉన్నది తువాలే.
ఈసారి నవ్వు రాలేదు.
నా ఫోను తొమ్మిదిన్నర అంది,
తన ఫోను పది అంది.
తనకి డ్యూటీ పదింటికి.
ఇంకా అరగంట ఉంది, రా, అన్నాను,
మీ ఊరి పేరు సరిగ్గా ఎలా పలకాలో చెప్పు.