వంగడం వచ్చినవాడు

డెస్ హాలొరన్ రెండు అరచేతులూ నేలకి ఆనించేశాడు,
మోకాళ్ళు మడవకుండా,
అరవై రెండేళ్ళ వయసులో,
అదేమంత పని కాదన్నట్టు.
కీరన్ నోరు వెళ్ళబెట్టాడు.
కాగితం మీద "సాగుడు బాగుంది" అని రాసి
కింద గీత కూడా గీశాడు.

కొట్టెయ్ అది, అన్నాను.

వాగా వాగాలో శనివారం పొద్దున.
పాత ఉన్ని గోదాములో మా జిమ్ము.
వానొస్తే గోడలు ఇప్పటికీ గొర్రెల వాసనేస్తాయి.
ట్రైనర్లు కావాలని వచ్చిన నలుగురు పిల్లలు,
పాఠం చెప్పే నేను,
పాఠంగా వచ్చిన డెస్.

నలభై మూడేళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించాడు.
ఎడమ చేత్తో గొర్రె, కుడి చేత్తో మిషను,
మధ్యలో మడత మంచంలా నడుము.
ఆయనకి వచ్చినంత వంగడం
నాకూ రాదు, నీకూ రాదు కీరన్.
నిలబడ్డం చూడు.

గోడకి వీపు ఆనించమన్నాను.
తల ఆనలేదు.
గోడకీ తలకీ మధ్య ఒక పిడికిలి,
ఆ పైన రెండు వేళ్ళు.
కుడి భుజం, ఎవరో పిలిచినట్టు,
ముందుకొచ్చి నిలబడింది.

బల్ల అంచున వెల్లకిలా పడుకోబెట్టి
ఒక మోకాలు గుండెకి హత్తుకోమని
రెండోది వదిలెయ్యమన్నాను.
ఆ కాలు కిందికి దిగలేదు.
గాలిలోనే ఆగింది,
బస్సు రాని స్టాపులో మనిషిలా.

"వదిలేశాను," అన్నాడు డెస్.
"మీరు వదిలారు. అది వదల్లేదు."

నొప్పెక్కడ? తొడ వెనక.
అయితే తొడ వెనకే సాగదీద్దాం, కీరన్ తొందర.
అత్త మీద కోపం దుత్త మీద చూపించకు నాయనా.
తుంటి ముందు కండ బిగుసుకుని
కటిని తనవైపు లాక్కుంది.
పిరుదు పని మానేసి నిద్రపోయింది.
ఆ ఇద్దరి బాకీ
తొడ వెనకది ఒక్కతే కడుతోంది.
ఇప్పటికే చాచి కట్టిన తాడు అది.
మూలిగేదాన్ని ఇంకా లాగకు.
మూలగనిదాన్ని వెతుకు.

నులక మంచం సంగతి చెబుదామనుకున్నాను:
ఒక పక్క వదులు, ఒక పక్క బిగువు,
ఒక కోడు నేలకి అందక టకటకలాడే మంచం.
కోడు నరకరు కదా, నులక సరిచేస్తారు.
ఆ పిల్లలకి మంచం అంటే పరుపే.
గుడారం తాళ్ళు అన్నాను.
తలలూపారు.

ముందు బిగిసినదాన్ని మెత్తబరచు.
నెమ్మదిగా చాచు, ముప్పై లెక్కపెట్టు.
ఊపకు, కుదపకు.
భయపడ్డ కండ లోపల్నించి గడియ వేసుకుంటుంది.
ఆ తర్వాత నిద్రపోయినదాన్ని లేపు, పని చెప్పు.
లేపకుండా ఇంటికి పంపావా,
సోమవారానికి మళ్ళీ మొదటికే.

ఏం కావాలి మీకు, అని అడిగాను డెస్‌ని.
వంటింట్లో బల్బు మార్చాలి.
ఏడాదిన్నర క్రితం పోయింది.
స్టూలు ఎక్కగలను.
ఎక్కాక, తల పైకి పోదు, చెయ్యి పైకి పోదు.
ఎవరినైనా అడగొచ్చుగా?
తన్నిన గొర్రెని చూసినట్టు చూశాడు నన్ను.

నా పేరు భ్రమరాంబ.
ఆయన నోట్లో అది "బ్రామ్" దగ్గరే ఆగిపోయేది.
నేనూ లాగలేదు.
నాలుకా కండే.

చలికాలం దాటింది.
గోడకీ తలకీ మధ్య ఇంకా ఒక వేలు మిగిలే ఉంది.
అది బహుశా ఆయనతోనే ఉంటుంది.
కాలు మాత్రం బల్ల కిందికి దిగింది,
మొదటిసారి దిగినప్పుడు
ఎవరి కాలో అన్నట్టు తల తిప్పి చూసుకున్నాడు.

నిన్న తలుపు తోసుకుంటూ వచ్చి
"బల్బు పెట్టాను, బ్రామరా," అన్నాడు.
ఒక అక్షరం సాగింది.
కీరన్‌కి వినబడలేదు, నేను చెప్పలేదు.

వెలుగొచ్చిందా?
"వచ్చింది. వంటిల్లు ఎంత అసయ్యంగా ఉందో కనబడింది.
ఇప్పుడు నేలంతా తుడవాలి."

అందుకు వంగాలి కదా, అన్నాను.
అది మీకొచ్చు.