గుగ్గిలం ఒక పాలు, మైనం ఎనిమిది పాళ్లు

కాఫీకన్నా ముందు పెనం.
కరెంటు పెనం మీద తొమ్మిది సత్తు గిన్నెలు,
ఒక్కోదాంట్లో ఒక్కో రంగు గడ్డకట్టి నిద్రపోతూ.
అవి లేచేదాకా నేను కిటికీ అద్దం మీది మంచు గీకుతాను.
బోహిన్ లోయలో ఫిబ్రవరి అంటే
తలుపు తీసిన ప్రతిసారీ ఒక బొమ్మ బిగుసుకుపోవడం.

గిన్నెలోంచి పలక దాకా
జానెడు దూరం.
ఆ జానెడులోనే మైనం మనసు మార్చుకుంటుంది.
నీరు అనుకుని ఎత్తింది రాయై పడుతుంది.
నలభై ఏళ్లుగా ఆ జానెడే నా ఉద్యోగం.

పొర వేసి మంట చూపించాలి,
మళ్లీ పొర, మళ్లీ మంట.
మంట మరీ దగ్గరైతే
నిన్నటి కొండ ఇవాళ్టి సరస్సులోకి జారుతుంది.
దూరమైతే పొరకు పొర అంటదు,
ఏ చలికాలమో పెచ్చుగా ఊడి చేతికొస్తుంది.
చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారట లోకంలో.
నేను కుంచె పట్టుకున్నాను,
కాలినప్పుడల్లా.
ఎడమ చూపుడువేలికి ముద్ర మిగల్లేదు,
పాస్‌పోర్టు ఆఫీసులో ఆ అమ్మాయి
మూడుసార్లు యంత్రం అద్దం తుడిచింది పాపం.

ఏడాదికి ఆరేడు అమ్ముడవుతాయి.
మిగతా నెలలు బడిపిల్లలకు కొవ్వొత్తులు పోయడం నేర్పుతాను,
చర్చిలో దేవదూతల ముక్కులు అతికిస్తాను.
మొన్న జూలైలో ఒకాయన
సావా నది బొమ్మ కొని కారు డిక్కీలో పడేసి
ట్రియెస్టే వెళుతూ మధ్యలో భోజనానికి ఆగాడు.
నది ఫ్రేము దాటి ఆయన సూట్‌కేసులోకి పారింది.
డబ్బు వాపసు అడగలేదు,
చొక్కాల వెల అడిగాడు.

మైనం ఓజ్బోల్ట్ ఇచ్చేవాడు.
వాగు అవతల అరవై రెండు పెట్టెలు ఆయనవి.
సెప్టెంబరు చివర రొట్టెల్లాంటి మూడు అచ్చులు
గోనెగుడ్డలో చుట్టి తెచ్చేవాడు.
సరిగ్గా వడకట్టమంటే వినడు:
"కాస్త ఈగ ఉండనీ నేజా,
ఎవరి సొమ్మో తెలియొద్దూ."
బదులుగా పెట్టెల ముఖాలకు బొమ్మలు వేసిచ్చేదాన్ని,
నూనె రంగులతోనే.
మైనంతో వేస్తే ఈగలు నాలుగు రోజుల్లో
తమ సొత్తు తాము గీక్కుపోతాయి.
ఎలుగుబంటి మాత్రం వద్దనేవాడు,
పాపం జడుసుకుంటాయని.

మా భాషలో ఆవు చస్తుంది, గుర్రం చస్తుంది,
ఎంత ముద్దు చేసిన కుక్కైనా చస్తుంది.
తేనెటీగ ఒక్కటే కాలం చేస్తుంది,
మనిషిలాగా.

ఓజ్బోల్ట్ నవంబరులో కాలం చేశాడు.
పెట్టె పెట్టెకీ వెళ్లి వేలితో తట్టి
యజమాని లేడని చెప్పాలి, ఆచారం.
కూతురు మరిబోర్ నుంచి బయల్దేరింది గానీ
దారంతా మంచు.
నేనే వెళ్లాను.
ముప్పై తొమ్మిదో పెట్టె దగ్గర గొంతు పూడుకుపోయింది.
మిగతావాటికి ఊరికే తట్టాను.
లోపల్నుంచి సన్నగా రొద,
పక్కగదిలో మాటలు ఆపినట్టు ఆగి,
మళ్లీ మొదలైంది.

ఇవాళ ఆయన ఆఖరి అచ్చు పగలగొట్టాను.
కరుగుతుంటే ముందు తేనె వాసన,
తర్వాత ఆయన పొగగొట్టంలో కాల్చే ఎండు పుట్టగొడుగు వాసన,
ఆ తర్వాత పైకి తేలింది
ఒక రెక్క.
పట్టకారుతో తీసి పారేయబోయి
పలక మీద, కుడి మూల, తెల్లపొరలో పెట్టాను.
మంట దూరం నుంచే చూపించాను.
వణికింది, నా చేయో అదో తెలియలేదు.
కిందికి దిగి సర్దుకుంది.

కొన్నవాళ్లకు బొమ్మ వెనక ఒక కాగితం అంటిస్తాను:
పొయ్యి పక్కన వద్దు, కారులో వద్దు.
చలికి తెల్లటి మసక పడుతుంది, భయపడకండి,
పాత మేజోడుతో రుద్దితే లోపలి రంగు తిరిగొస్తుంది.
ఈసారి అడుగున ఇంకో వాక్యం రాశాను:
కుడి మూల ఉన్నది మరక కాదు,
రుద్దొద్దు.