రెండు మిల్లీల మొన

రువీల మా దుకాణం మెట్ల కింద ఉంటది.
పైన దర్జీలు, పక్కన మొబైల్ కవర్లు,
నడుమ నేను,
రిమోటు కార్లు బాగుచేసేటోణ్ణి.

గురువారం రాత్రి బౌషర్ ఇసుకదిబ్బల మీద దునికిన బండ్లు
శుక్రవారం పొద్దుగూకేసరికి నా బల్లెక్కుతయి,
ఇరుసులిరిగి, గేర్ల పండ్లు రాలి,
కడుపునిండ ఇసుక మింగి.

నిన్న హైతమ్ అని ఒక పిలగాడొచ్చిండు.
చంకల పచ్చ బండి.
"మోటర్ స్క్రూ వస్తలేదు."
చూసిన. ఆరు మూలల గుంత
మూలలన్నీ పోయి
చిన్న బావి లెక్క నోరు తెరిచింది.
"దేంతోని తిప్పినవ్?"
సంచిల నుంచి తీసిండు:
బంగారు రంగు సెట్టు, పన్నెండు ముక్కలు, రియాలున్నర.

నా సగం అరబ్బీ, వాని సగం హిందీ.
రంగు చూడకు బిడ్డా, అది రెండు వారాల ముచ్చట.
మొనను గోటి మీద ఆనించి చూడు,
అంచు గీరాలె, జారొద్దు.
అంగుళాల లెక్కది మిల్లీల గుంతల పెట్టకు,
దగ్గరదగ్గరనే ఉంటది,
దగ్గరదగ్గర ఉండేటివే ఎక్కువ ఖరాబు చేస్తయి.
గుండు మొనది వంకర సందులకు, బిగించనీకి కాదు.
ముందు సూదితోని ఇసుక తియ్యి.
లేకుంటే మొన లోపలికి దిగదు,
గడప మీదనే నిలబడి తిరుగుతది.

ఇవన్నీ పుట్టుకతోని రాలేదు నాకు.
కోరుట్లల బోరు మోటర్లు చుట్టిన చేతులివి,
పైపు రెంచి తప్ప ఏదీ ఆనని చేతులు.
వచ్చిన మొదటి నెలనే ఒకాయన ఇంజను మూత పాడుచేసిన.
సేటు కుంఞలవి ఏమనలేదు,
నోటుబుక్కుల నా పేరు కింద తొమ్మిది రియాల్లు రాసిండు.

ఓవర్‌టైము పైసలతోని అప్పుడు కొన్న,
రెండు మిల్లీలది, ఒక్కటే, ఆరు రియాల్లు.
రూమంత నవ్విండ్రు.
"ఒక్క పుల్లకా! మేకకాలు వచ్చు కదరా!"
సబ్బడిగితే ఇస్త, దువ్వెనడిగితే ఇస్త,
దీన్ని మాత్రం దిండు గలీబుల దాస్త.

మొన్న ఎండకాలం బుచ్చిమల్లు పరంజి మీదికెళ్ళి పడ్డడు.
మోకాలికి ఇనుప పట్టీ. దవాఖాన్ల మళ్ళ చూపించేది పదిహేను దినాలకు.
పట్టీ మడత దగ్గర స్క్రూ వదులైంది.
అర్ధరాత్రి బాత్రూముకు పోతుంటే
టక్కు. టక్కు. టక్కు.
అడగలేదు వాడు. అడిగేటోడు కాదు.
మూడోనాడు నేనే లేచిన.
ఫోను లైటు వేసి గుంతల సిమెంటు గీకి
మొన పెట్టిన.
కూసున్నది. కీలు కీలుకు దొరికినట్టు.
పావు తిప్పు తిప్పిన, అంతే.
"ఇదేనా ఆరు రియాల్లది?"
"అవ్."
మళ్ళ పండుకున్నం.

హైతమ్ స్క్రూ తల మీద గాటు కోసి
చెంపమొన డ్రైవరుతోని తీసిన, వచ్చింది.
వాని జేబుల నాలుగున్నర ఉన్నది.
సెట్టు వద్దు, ఒక్కటి కొను అన్న.
అరిగితే పారెయ్యకు,
మొన ఇంత కోసి చదును చేస్తే మళ్ళ కొత్తదైతది,
కొంచెం పొట్టిగైతది, అంతే.
నాది నాలుగుసార్లు కోసిన.

కొనేముందు ఒక పరీక్ష చెప్పిన.
కొత్త స్క్రూను మొనకు తొడిగి
తలకిందులు చెయ్యి, వదిలెయ్యి. పడొద్దు.

వాడు రెండు చేతులతోని పట్టుకొని తలకిందులు చేసిండు.
ఊపిరి బిగబట్టిండు.
వెనకాల ఏసీ బాగుచేసే ఆసామి నా కోసం నిలబడ్డడు,
షట్టరు సగం దించి ఉన్నది,
స్క్రూ ఇంకా వేలాడుతనే ఉన్నది.