బొంతలో సూది

మా నాయన దూది ఏకేటోడు.
విల్లు తంతి టంగుమంటే
రాయదుర్గం కోట కింద వీధిలో
కుక్కలు కూడా లేసి కూసుండేవి.
ఆ మోతలోనే పుట్టినా.
అందుకే నాకు చెవులు మందం,
వేళ్ళు మాత్రం చురుకు.

పదకొండేండ్లప్పుడు మొదటి బొంత.
లోపల జేజి చీరలు నాలుగు పొరలు,
పైన ఇంటింటా అడుక్కొచ్చిన పీలికలు.
నడుమ ఒక జానెడు చోటుకి గుడ్డ చాల్లేదు.
ఓట్లు అయిపోయినాక కొయ్యకు మిగిలిన
ఎర్రజెండా ముక్క పీకి అతికించినా.
అదీ సరింగా పడలేదు, పక్కకి జరిగె.
అప్పట్నుంచి నా ప్రతి బొంతలో
ఒక ఎర్రముక్క, పక్కకి.
ఎందుకు ఫక్కీరమ్మా అంటే
దిష్టికి అంటా.

గుడ్డకి గుణం ఉంటాది.
నూలు చెమట తాగుతాది,
ఉతికే కొద్దీ మెత్తనైతాది.
టెరికాటన్ వచ్చినప్పుడు ఊరంతా మురిసిపాయ.
నా సూది కింద మాత్రం అది
పని చెప్తే జారుకునే అల్లుడు.
ఇప్పుడు జీన్సు. యాడ చూసినా మిషన్ల చప్పుడే.
మనవరాలు షమీమ్ కటింగు మాస్టరు నడిగి
సంచినిండా ముక్కలు తెస్తాది.
ఒక బొంతకి మూడు సూదులు విరుగుతాయి.
అయినా ఆ నీలం,
ఎండాకాలం బావిలోకి తొంగి చూసినట్టుంటాది.

పోయిన శుక్రవారం కణేకల్లు నుంచి ఒకాయన వచ్చె.
చంకలో చుట్ట. వాళ్ళమ్మ బొంతంట.
"అంచులు పోయినాయి, కాస్త చూడమ్మా" అనె.
ఇప్పి పరిస్తే
ఎర్రముక్క పక్కకి ఉండాది.

ఏ ఏడుదో గుర్తు రాలేదు. కుట్టు చదివినా.
ఇదో, చీమల బారు మాదిరి వరసలు,
ఇవి పొద్దున పూటవి.
ఇక్కడ దారం బారలు బారలు దూకింది,
సినిమాకి పోవాలని తొందరేమో.
ఇక్కడ వంకర పోయి, ఆగిపోయి,
జానెడు ఖాళీ.
అప్పుడు తెలిసింది.
మా దాదాపీరు పుట్టిన రాత్రి.
నొప్పులొచ్చి దీని మీదనే వంగిపోయినా.
మళ్ళా ఎన్నాళ్ళకు అందుకున్నానో,
ఖాళీ అవతల నుంచి మొదలుపెట్టినా.

అంచు ఇప్పుతాంటే వేలికి గట్టిగా తగిలింది.
సూది.
ఆ రాత్రి పోయిందని ఇల్లంతా ఊడ్పించి
మంత్రసానిని కూడా తిట్టిన సూది.
ఒళ్ళంతా తుప్పు,
కన్నంలో ఇంకా బెత్తెడు తెల్లదారం.

"దీని మీద ఎంతమంది పండుకున్నారు నాయనా?"
ఆయన వేళ్ళు ముడిచె:
మేం అయిదుగురం, మా పిల్లోళ్ళు,
ఆఖర్న మా నాయన మంచాన పడి మూడేండ్లు.
"ఎవరికన్నా గుచ్చుకునిందా?"
"లేదే" అనె,
అదేం ప్రశ్న అన్నట్టు చూసి.

అంచులకి నీలం జీన్సు వేసినా.
జానెడు ఖాళీ అట్లనే ఇడిసిపెట్టినా.
డబ్బులు తీసుకున్నా.
సూది ఇయ్యలేదు.

పారెయ్యవ్వా, తుప్పు అనింది షమీమ్.
కిరసనాయిల్లో నానబెట్టి, బూడిదతో రుద్ది,
పొద్దున ఎండలో కూసుని దారం ఎక్కించి చూసినా.
మూడోసారికి ఎక్కింది.