కట్ లేకుండా రెండు నిమిషాలు

గుర్రాన్ని చూపించకముందే మీరావలి నన్ను చూశాడు,
పళ్లు లెక్కపెట్టే చూపు.
"పెళ్లిళ్లు తీసే చెయ్యి కదా నీది,
పువ్వులూ పొగలూ పెట్టకు బాబూ.
కొనేవాడికి కాళ్లు కావాలి."

సఖినేటిపల్లి రేవుకి కూతవేటు ఇవతల
కోతైపోయిన మడి చదును చేసి
నాలుగు మూలలా నాలుగు కొబ్బరి బొండాలు పెట్టి
ఇదే మైదానం అన్నాడు.
చమేలి తెల్లది కాదు, నానిన అటుకుల రంగు.
పన్నెండేళ్లు పెళ్లికొడుకుల్ని మోసింది.
ఒక్కడూ దాని పేరడగలేదట.

మొదట పంపింది ముప్ఫై సెకన్ల ముక్క:
డప్పులు, స్లో మోషన్, జూలు మీద సాయంత్రపు ఎండ.
వాట్సాప్‌లో ఊళ్లు దాటింది, భీమవరం, తుని, బీదర్.
బొటనవేళ్లు, మంటల బొమ్మలు,
"రేటెంత" అనడిగి మాయమైనవాళ్లు నలభై మంది.
హైదరాబాద్ శివార్లో పిల్లలకి స్వారీ నేర్పే ఆవిడ ఒక్కతే
వాయిస్ పెట్టింది:
"పాట తీసెయ్యండి. నెమ్మది చెయ్యకండి.
ఎడం పక్క, కుడి పక్క, ఎదర్నించి, వెనక నుంచి.
నడక, దుడుకు, ఆగడం.
ఉన్నచోటే అడుగులేస్తే అదీ.
కట్ లేకుండా రెండు నిమిషాలు.
దీన్ని మేం డ్రెస్సాజ్ అంటాం."
మీరావలి ఆ మాట రెండుసార్లు నమిలి
"మేం ఊరేగింపంటాం" అన్నాడు.

డప్పు లేకపోతే చమేలి కదల్లేదు.
ఒక టేకులో ఈగని తోలుకుంది,
ఒక టేకులో లద్దేసింది,
రెండిట్లో ఊరికే నన్ను చూసింది.
ఐదోసారి మీరావలి నాలుకని అంగిట్లో కొట్టాడు.
టొక్.
టొక్ టొక్.
చెవి తిరిగింది, మెడ వంగింది,
ఎడం ముంగాలు లేచి
దించాలా వద్దా అని అడిగినట్టు గాల్లో ఆగింది.
ఊపిరి బిగబట్టి దాని చుట్టూ నడిచాను.
కుడి పక్కకొచ్చేసరికి కనపడింది,
వెనక కాలు ఒక్క పిసరు ఆలస్యం.
"ఇది కోసేద్దామా?"
"ఇవాళ నువ్వది కోస్తే రేపు వాళ్లు నా ముక్కు కోస్తారు. ఉంచు.
పెరవలి దగ్గర డీజే బండి తగిలిందని కింద రాయి."
రాశాను. పెరవలిలో ఒక అక్షరం తప్పు పోయింది, దిద్దలేదు.

ఎవరు నేర్పారండీ, అన్నాను లెన్సు మూస్తూ.
"పంటు.
నరసాపురం పెళ్లిళ్లకి మే నెల్లో దాటేటప్పుడు
ఇనప రేకు కాలిపోయేది.
ఓ కాలెత్తేది, అది దించి ఇంకోటెత్తేది.
ఇంజను దుగదుగకి సరిపడిపోయింది.
నేను దాని పక్కన నాలుక కలిపానంతే."

అమ్ముడైంది.
లారీ ఎక్కేటప్పుడు మాత్రం తియ్యొద్దన్నాడు.

తొమ్మిదో రోజు ఆవిడ ఫోను.
తింటోంది, తాగుతోంది, అడుగు వెయ్యదు,
ఆ నాలుక చప్పుడుంటే పంపుతారా అని.
బొమ్మంతా తీసేసి చప్పుడు మిగిల్చాను, పదకొండు సెకన్లు.
ఇరవయ్యేళ్లుగా బొమ్మలమ్ముతున్నాను,
బొమ్మ లేనిది పంపడం అదే మొదలు.

చీకటి పడ్డాక జవాబు:
"వేసిందండీ! కానీ టొక్కులకి కాదు.
వాటి వెనక దూరంగా దుగదుగమని ఏదో ఉంది,
అది వినగానే చెవులు నిక్కబొడిచింది.
ఏమిటది?"

మీరావలికి ఫోనిచ్చాను.
చెవి కానించుకుని విన్నాడు, మళ్లీ విన్నాడు.
అవతలొడ్డున పంటు లైటు వెలుగుతోంది.
"పంటని రాయి," అన్నాడు.
నేను రాస్తూంటే నా భుజం మీదుగా చూసి
"చల్లటి నేల మీదే వేయించమను.
అది కూడా రాయి."