పద్దెనిమిది గేజి

కాలిపోయిన మోటరు కడుపులోంచి తీసిన తీగ
ముందు నల్లగా ఉంటుంది,
వార్నీషు కంపు కొడుతుంది,
ఎవరి పొలానిదో ఒక వేసవి మొత్తం దానికి అంటుకుని ఉంటుంది.
చింతపండు పిప్పితో రుద్దగా రుద్దగా
అప్పుడే పుట్టిన ఎలకపిల్ల రంగులో బయటపడుతుంది.

చీపురుపల్లి నుంచి రాజాం ఆఖరి బస్సు వెళ్ళిపోయాక
షట్టరు సగం దించి
నా రెండో పని మొదలుపెడతాను.
దీనికి బిల్లు పుస్తకం లేదు.

కాలిన రాగి మెత్తన. మొండితనం పోయి ఉంటుంది.
ఒక కొస కిటికీ ఊచకి కట్టి
రెండో కొస పట్టకారుతో బిగలాగాలి.
ఎక్కడో లోపల చిన్నగా 'ఊ' అన్నట్టు చేతికి తెలుస్తుంది,
ఇక అది మాట మీద నిలబడే తీగ.

అరిగిపోయిన స్క్రూడ్రైవర్ కాడకి చుడతాను.
చుట్టడం నాకు కొత్తా?
ఇరవై ఆరేళ్ళుగా నోట్లో లెక్క పెట్టుకుంటూ చుడుతూనే ఉన్నాను,
మధ్యలో పలకరించిన వాళ్ళకి జవాబివ్వక
పొగరుబోతుననిపించుకుంటూ.
ఇక్కడ మాత్రం చుట్టినదాన్ని నేనే కోసేస్తాను.
కట్టరు నడుస్తుంటే స్టీలు పళ్ళెంలో
టిక్కు టిక్కుమని రాలతాయి రింగులు,
ఆకలేసిన చిన్న చిన్న నోళ్ళు.

రింగు తెరవడానికో తీరుంది.
రెండు వైపులా లాగకూడదు, లాగితే గుండ్రం పోతుంది, మరి రాదు.
ఒక కొస నీ వైపు, ఒక కొస అవతలికి,
తలుపు తీసినట్టు.
నేర్పినవాడి మాట నాకొక్కటీ అర్థం కాలేదు,
ఫోన్లో వాడి వేళ్ళు అర్థమయ్యాయి.
వాడి గోళ్ళ కిందా నలుపే.

ఒక రింగులోంచి నాలుగు.
ఆ నాలుగింటిలో ప్రతిదాంట్లోంచీ మళ్ళీ నాలుగు.
కరెంటు పోతే ఆగక్కర్లేదు, వేళ్ళకి దారి తెలుసు.
అరచేతిలో పోసుకుంటే
బొచ్చె చేప ఒంటి మీది పొలుసుల్లా
ఒకదాని మీదికి ఒకటి ఒరుగుతాయి.

ఎదురు కొట్టు లోకనాథం ఆచారి చూసి
"ఏటి పోలినాయుడూ, మా కూటికే వొచ్చినావేటి?" అన్నాడు.
అలవాటు కొద్దీ ఎగరేసి తూకం చూశాడు.
తిప్పి తిప్పి చూసి
"అతుకేదిరా? మంట తగల్లేదేటి దీనికి?"

మంట ముందే తగిలింది ఆచారీ,
మెరకముడిదాం అసిరయ్య బోరులో, మే నెల్లో,
వరిమడి సగం తడిసినప్పుడు.

మెడకి సరిపడా అయిన మొదటిదాన్ని
ఎండుచేపల సన్నెమ్మకి ఇచ్చాను.
ఎందుకంటే ఏం చెప్పను,
అడిగింది, ఇచ్చాను.
పొద్దున్నే గంప దించి షాపు ముందు కూర్చుని
"ఎవల కోసం రా ఇన్ని ముళ్ళు" అని అడిగింది ఆవిడొక్కతే.

నాలుగో నాడు వచ్చి మెడ చూపించింది.
చెమటకి రాగి దిగి, చుట్టూ ఆకుపచ్చ గీత.
"తీసీవే" అన్నాను సిగ్గుపడి.
"ఏల తీస్తాను?
మా ఊరి మడికి నీరెట్టిన తీగన్నావు,
ఇక్కడా మొలిసింది, సూడు."

ఆవిడ నవ్వుతుంటే అప్పుడు కనిపించింది.
ఎడమ భుజం వైపు, పదకొండో వరసలో
ఒక రింగు మూడింటినే పట్టుకుంది.
నాలుగోది ఎప్పుడు తప్పిందో,
ఏ కరెంటు లేని రాత్రో.

మోటరులో ఒక్క చుట్టు పక్కచుట్టుకి తగిలితే చాలు
మొత్తం కాలి, రైతు తిట్టుకుంటూ తిరిగొస్తాడు.
ఆ భయంతోనే ఇన్నేళ్ళూ లెక్క తప్పలేదు నేను.
"ఇలా ఇయ్యి, సరిచేస్తాను" అనబోయాను.
ఆవిడ అప్పటికే గంప ఎత్తుకుంది.

గరివిడి రోడ్డు మీద రోజూ వెళ్తుంది.
ఎవరికీ తెలీదు, ఆచారికి కూడా.
నా కన్ను మాత్రం పదకొండో వరసకే పోతుంది.
మూడింటినే పట్టుకున్నది
ఇంకా ఊడలేదు.