మంగళవారం బస్సు

వారానికి రెండే బస్సులు ఈ ఊరికి.
దిగింది నేనొక్కణ్నే.

గేటు పక్క చెక్కపెట్టెలో ఆరు గుడ్లు,
తుప్పు డబ్బా, సుద్దరాత:
"పౌండున్నర. ఇందులో వెయ్యండి."
కాపలాకి ఒక బాతు.

నా దగ్గర కార్డే తప్ప చిల్లర లేదు.
కంచె అవతల గొర్రె డెక్కలు చెక్కుతూ
తలెత్తకుండానే అంది మ్యూరియల్:
"ఈసారొచ్చినప్పుడు ఇద్దువులే."
ఎప్పుడని అడగలేదు.

గోధుమచేను నడిమధ్య కాలిబాట.
ఎవరి చేనో! ఎవరైనా నడవొచ్చట.
రాతిగోడ ఎక్కి దిగేలోపు వాన,
వెలిశాక చర్చి గంటలు,
ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నారు కాబోలు
ఒక గంట ప్రతిసారీ
కాస్త వెనకబడుతోంది.

తిరుగు బస్సు.
ఒళ్లో గుడ్లు, బూట్లకు ఎర్రమన్ను,
పౌండున్నర బాకీ.

టికెట్టు చింపిస్తూ డ్రైవరు
అడక్కుండానే చెప్పాడు:
శుక్రవారం కూడా ఉంది.